తెల్లచీరకు ఎర్రపోగు

తప్పులు పట్టే పనిలో ఉన్నవాడికి నమస్కారాలు ఎక్కువ, పలకరింపులు తక్కువ. ధర్మవరంలో వీధిన మార్కండేయ పోతుంటే మగ్గాల మీద కూర్చున్నవాళ్లు కిటికీలోంచి చెయ్యెత్తి దండం పెడతారు గానీ, లోపలికి వచ్చి టీ తాగిపొమ్మని ఎవరూ పిలవరు. పిలిస్తే, టీ పోసి మంచి చేసుకున్నాడన్న మాట వస్తుందని వాళ్ల భయం. తాగితే ఆ మాట నిజమవుతుందేమోనని ఇతని భయం. పదకొండేళ్లుగా మనిషి ఒకరింటి టీకి మొహం వాచి బతుకుతున్నాడు.

అతను హనుమంతరాయుడి పట్టు అంగట్లో చీరలు చూసే మనిషి. అంతకు ముందు ఇరవై రెండేళ్లు మగ్గం గుంతలో కాళ్లు వేసుకుని తనూ నేశాడు. మోకాళ్లు అరిగిపోయి, గుంతలోంచి లేవాలంటే భార్య సువర్ణ చేయి పట్టి లాగాల్సి వచ్చిన ఏడాది అంగట్లో ఈ పని ఖాళీ అయింది. ఖాళీ చేసింది అతని నాయనే. ఆయన చీరలు చూసే పరుపు మీద ముప్పై ఏళ్లు కూర్చున్నాడు.

ఆ అంగట్లో చీర చూసేందుకు ఒక పద్ధతి ఉంది, అదీ నాయన పెట్టిందే. నేతగాడు చీర తెచ్చి బయటి గదిలో పెట్టి పోవాలి. పేరు రాసిన చీటీ మూడో మడతలో దూర్చాలి, పైకి కనపడకూడదు. లోపల ఉత్తరపు కిటికీ పక్కన తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద చీర విప్పి, ముందు వెనకవైపు చూడాలి. ఆ తర్వాత ముందువైపు. పోగు తెగినచోట, జరీ లేచినచోట, లోపం ఎక్కడుంటే అక్కడ గుర్తుగా ఎర్రదారం ముడి వేయాలి. అప్పుడు గానీ చీటీ తీసి ఎవరిదో చదవకూడదు. ఎర్రపోగు పడిందంటే ఆ చీర రెండో రకం. రెండో రకం నేసినవాడికి తర్వాతి చీరలకు కావలసిన పట్టు, వీళ్లు వార్పు అంటారు, అది ఎప్పుడొస్తుందో చెప్పలేం. అంతవరకు మగ్గం ఖాళీ.

"తప్పు ఎవురైనా పడతార్రా. ముందు మంచి చూడు. మంచి కనపడనోడు తప్పు మాట్లాడేకి లేదు," అనేవాడు నాయన. ఆ మాట మార్కండేయ నరాల్లోకి ఎక్కిపోయింది. ఎంతగా ఎక్కిందంటే, టీవీ సీరియల్‌ను కూడా అతను అలాగే చూసేవాడు.

ఆ సీరియల్ పేరు 'గాజుల గంప'. కామాక్షి అనే గాజులమ్మే ఆమె కథ. నాలుగేళ్లుగా సాయంత్రం ఏడు గంటలకు వస్తోంది. మొదటి రోజు మార్కండేయ దాన్ని చూడాలని చూడలేదు, రిమోట్ దొరక్క చూశాడు. అందులో కామాక్షి నెత్తి మీది గంప దించే తీరు అతన్ని పట్టేసింది. ముందు మోకాళ్లు వంచి, ఒక చేత్తో గంప అంచు పట్టుకుని, రెండో చెయ్యి నేల మీద ఆనించి, అప్పుడు గంప దించింది. బరువు మోసినవాళ్లే అలా దించుతారు. టీవీలో మనుషులు బరువులను పూలబుట్టలు దించినట్టు దించడమే అతను అంతవరకు చూశాడు. 'ఎవరో ఈ పిల్లకు నేర్పినారు, లేదా ఆ పిల్లే పోయి గంపలెత్తేవాళ్లను చూసొచ్చింది,' అనుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రేమలో పడ్డాడు. యాభై నాలుగేళ్ల మనిషి సీరియల్‌తో ప్రేమలో పడ్డాడంటే నవ్వొస్తుంది గానీ, పొద్దంతా చీరల్లో తప్పులు వెతికి వచ్చినవాడికి ఏదో ఒకదాన్ని మనసారా మెచ్చుకోవాలని ఉండదా?

కూతురు అశ్విని పెళ్లయి వెళ్లిపోయే ముందు అతని ఫోన్లో ఒక బ్లాగు పెట్టిచ్చింది. "నాయనా, అన్నం తినేటప్పుడు మాకు చెప్పేదంతా దీంట్లో రాయి. అమ్మ చెవులు బాగుపడతాయి," అంది. దానికి అతను 'ఎర్రపోగు' అని పేరు పెట్టుకున్నాడు. వారానికోసారి, ఒంటివేలితో, ఆ వారం కథ గురించి రాసేవాడు. ముందు బాగున్నవి. తర్వాత, అన్నే వరుసల్లో, బాగా లేనివి. కోడల్ని మెట్ల మీంచి తోసిన వారం, చచ్చినవాడు తిరిగొచ్చిన వారం మొహమాటం లేకుండా ఎర్రపోగు కట్టాడు. నాలుగు వందల మంది దాకా చదివేవాళ్లు. 'మీరు రాస్తే నిజమే ఉంటుంది సార్' అని ఒకరు పెట్టిన మాటను అతను సువర్ణకు మూడుసార్లు చదివి వినిపించాడు.

"నన్ను పెండ్లి చేసుకోని ముప్పై ఏండ్లాయ. నా సంగటి గురించి ఒక్క వరస రాసినావా?" అంది సువర్ణ.

"రాస్తే ముందు మంచి రాయాల," అన్నాడు. ఆ రోజు అతనికి సంగటి ఆలస్యంగా వచ్చింది.

ఈ ఏడాది ఎండలు ఉగాదికి ముందే ముదిరాయి. కొళాయి నాలుగు రోజులకోసారి. చిత్రావతి ఇసుకలో గాలి తప్ప ఏమీ పారడం లేదు. మార్కండేయకు ఒళ్లంతా అలసట. పడుకుని లేచినా తగ్గని అలసట. ఏది చూసినా బాగా లేదు. పరుపు మీది దుప్పటి మురికిగా ఉందని ఉతికేవాళ్లను తిట్టాడు. రంగులద్దేవాళ్లకు శ్రద్ధ పోయిందన్నాడు. ఎదురుగా బండి వస్తే ఒక లైటు నాలుగు లైట్లయి కళ్లలో పొడిచేది, ఈ కాలం కుర్రాళ్లు దొంగబల్బులు పెడుతున్నారని సణిగాడు. లోకం మొత్తానికి పనిమీద మనసు పోయిందని, తనొక్కడే ఇంకా పట్టుకుని వేలాడుతున్నాడని అతనికి గట్టిగా అనిపించింది. అలా అనిపించినప్పుడు మనిషి ఒకసారి ఆగి ఆలోచించుకోవాలి. అతను ఆగలేదు.

ఆ రోజుల్లోనే ఒక తెల్లచీర వచ్చింది. పాలతెలుపు చీరకు నీలి అంచు, సన్నజరీ. బెంగళూరు అంగడివాళ్లు అడిగి నేయించుకున్నది. వెనకవైపు చూశాడు. ముందువైపు ఎంత శుభ్రంగా ఉందో వెనకా అంతే. ఒక్క పోగు లేవలేదు. 'ఎవరో గాని చెయ్యి బంగారం,' అని మనసులో మెచ్చుకున్నాడు. కానీ తెలుపు తెలుపుగా లేదు. ఎన్నాళ్లో వంటింట్లో వేలాడిన బట్టలాగా పచ్చబారి ఉంది. పొగచూరింది, అనుకున్నాడు.

రంగు సరిపోయిందో లేదో చూసుకోవడానికి అంగట్లో ఒక రేకుడబ్బా ఉంది. రంగులద్దే ఇంటి నుంచి వచ్చిన ప్రతి రంగులోనూ చిన్న పట్టుచిలప, అంటే దారపు చుట్ట, ఒకటి అందులో దాస్తారు. చీర పక్కన ఆ చిలప పెట్టి చూస్తే అయిపోయింది. నాయన ముప్పై ఏళ్లూ ఆ డబ్బా తెరిచే చూశాడు. మార్కండేయ మాత్రం తెరిచి ఏళ్లయింది. "నా కన్నే శాంపిలు," అనేవాడు. ఆ రోజూ తెరవలేదు. పోగులో తప్పయితే తప్పున్నచోట ముడి వేయొచ్చు. చీరంతా తప్పయితే ఎక్కడ వేస్తాడు? కొంగు మూలన వేశాడు. చీటీ తీస్తే 'నరసింహప్ప' అని ఉంది.

నరసింహప్ప మగ్గం ఎక్కి ముప్పై ఏళ్లు. ఇతని పాత వీధివాడు. ఇప్పటిదాకా ఎర్రపోగు ఎరగడు. మర్నాడు కబురంది పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, పొగ యాడిదన్నా? తెల్లగా ఉండాది గదన్నా," అన్నాడు చీర రెండు చేతుల్లోకి తీసుకుని.

"మీ ఇంట్లో కట్టెల పొయ్యి యాడుండాది?"

"మగ్గానికి పక్క గదిలో."

"నడుమ తలుపుండాదా?"

"గోనెపట్ట కట్టినాం."

"మల్ల?" అన్నాడు మార్కండేయ.

ఆ ఒక్క మాటకు నరసింహప్ప వెలుగులోకి జరిగాడు. చీరను ఇంకోసారి కిటికీ వైపు తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే అతని మొహం మారిపోయింది, నిజంగానే పొగ కనపడుతున్నట్టు. "అట్లనే ఉండాదేమోలే అన్నా," అని మడత పెట్టి ఇచ్చేసి పోయాడు. అతనికి కొత్త వార్పు రాలేదు. మూడు వారాలు గడిచాయి.

ఆ మూడో వారంలోనే 'గాజుల గంప'లో కామాక్షి కోర్టుకు పోయింది. తన కళ్ల ముందు జరిగిన ఒక దెబ్బలాట గురించి సాక్ష్యం చెప్పాలి. బయల్దేరే ముందు తెల్లచీర కట్టుకుని, "మచ్చ లేని బట్ట కట్టుకోని పోవాల, మచ్చ లేని మాట చెప్పాల," అంటుంది. మాట బ్రహ్మాండం. చీర చూస్తే, మార్కండేయ కంటికి, పచ్చబారిన పాతబట్ట. అతనికి ఒళ్లు మండింది. నాలుగేళ్లుగా నెత్తిన పెట్టుకున్న సీరియల్ తన నెత్తి మీదే మట్టి పోసినట్టనిపించింది. ఆ కోపంలో, మొదటిసారి, బాగున్నవి రాయకుండానే మొదలుపెట్టాడు.

'మచ్చ లేని బట్ట అని కామాక్షి అంటుంది. ఆ బట్టను మంచినీళ్లలో ముంచినవాడు కూడా లేడు. కొన్నాళ్లుగా ఈ సీరియల్లో అన్ని రంగులూ వెలవెలబోతున్నాయి. చూసేవాళ్లకు కళ్లు లేవనుకుంటున్నారు. గంప దించడం నేర్చుకుని మొదలైన కథ, చీర ఉతకడానికి బద్ధకించి ముగుస్తోంది. నాకు బాధగా ఉంది.'

బాధ నిజమే. అందుకే చదివినవాళ్లకు గట్టిగా తగిలింది. ఎన్నడూ లేనంత మంది చదివారు. ఒకడు మాత్రం, 'సార్, చీర మల్లెపూవులా ఉంది. పచ్చకామెర్లేమో చూపించుకోండి,' అని కింద రాశాడు. మార్కండేయ ఊరుకుంటాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 'అయ్యా, నేను ధర్మవరంలో పట్టుచీరలు చూసే మనిషిని. తెలుపంటే ఏమిటో నాకు మీరు చెప్పనక్కర లేదు,' అని జవాబిచ్చాడు.

ఆదివారం పొద్దున్నే ఇంకో మాట వచ్చి ఉంది. కొంచెం పొడుగు.

'సార్, నా పేరు గిరి. ఆ సీరియల్లో బట్టలు చూసుకునేది నేనే. ఆ చీర నా చేతులతో ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టాను. తెల్లబట్టను కెమెరా ముందుకు పంపే ముందు తెల్లకాగితం పక్కన పెట్టి చూసుకోవడం నా అలవాటు. మీరు రాసేవి మేం సెట్లో టీ తాగేటప్పుడు ఒకరు చదివితే అందరం వింటాం. మీరు బాగా లేదన్న చాలాసార్లు మేం ఒప్పుకున్నాం, అవి నిజంగా బాగా లేవు కాబట్టి. మొన్నటిది మా మేకప్ ఆమె చదువుతూ సగంలో ఆపేసి, ఫోన్ పక్కన పెట్టేసింది. నాకు కోపం లేదు సార్. ఒక్కసారి మీరూ తెల్లకాగితం పక్కన పెట్టి చూడండి. అప్పుడు కూడా పచ్చగా ఉంటే తప్పు నాదే.'

మార్కండేయ రెండుసార్లు చదివాడు. కోప్పడి రాసినవాడికి ఎదురు కోపంతో జవాబు చెప్పొచ్చు. ఇలా రాసినవాడికి ఏం చెప్పాలి? లేచి, బీరువా మీదున్న కొత్త కాగితాల కట్టలోంచి ఒకటి లాగాడు. ఫోన్లో ఆ కోర్టు ఘట్టం తెరిచి, కామాక్షి నిలబడ్డచోట ఆపి, పక్కన కాగితం పెట్టాడు.

కాగితం కూడా పచ్చగానే ఉంది.

కట్టలోంచి ఇంకోటి తీశాడు. అదీ అంతే. కొంచెంసేపు కట్టను అనుమానించాడు.

"ఏయ్, ఇటు రా. ఈ కాగితం ఏం రంగు?"

సువర్ణ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "తెలుపు."

"ఈ చీర?"

"తెలుపే. మొన్న నువ్వు తిడతాంటే నేనూ చూసినా గదా. మల్లెపూవట్ల ఉండాది."

"మల్ల అప్పుడే చెప్పల్యా?"

"నీకా? రంగు గురించి? నేనా చెప్పేది?" అంది.

ఆమె అతని మొహం ఒకసారి చూసి, దగ్గరకొచ్చి, అరచేత్తో కుడికన్ను మూసింది. ఎడమకంటికి కాగితం కాస్త తేటగా కనపడింది. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసింది. కుడికంటికి అదే కాగితం టీ ఒలికినట్టుంది. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఆమె చెయ్యి మారినప్పుడల్లా కాగితం రంగు మారుతోంది. తప్పు పట్టడానికి ఇక కాగితం లేదు, చీర లేదు, దుప్పటి లేదు, ఉతికేవాళ్లు లేరు.

"కంట్లో పొర వచ్చిండాది. మా పెద్దమ్మకూ ఇంతే. ఆపరేషన్ చేస్తే పోతుంది, దానికెందుకు అట్ల అయిపోతావు?" అంది సువర్ణ.

"నరసింహప్ప చీర," అన్నాడు మార్కండేయ. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

సోమవారం అంగడి తెరవకముందే పోయి మెట్ల మీద కూర్చున్నాడు. తలుపు తీశాక నేరుగా రెండో రకం అల్మారా దగ్గరికి నడిచాడు. చీర అక్కడే ఉంది, కొంగు మూలన ఎర్రపోగుతో. నాయన డబ్బా దించి, దుమ్ము తుడిచి, పాలతెలుపు చిలప వెతికి చీర మీద పెట్టాడు. చిలప ఎంత పచ్చగా ఉందో చీరా అంతే పచ్చగా ఉంది. చిలపకూ చీరకూ వెంట్రుకంత తేడా లేదు. చెడ్డకళ్లతో చూసినా మూడు వారాల కింద ఈ సంగతి తెలిసేది. డబ్బా తెరిచి ఉంటే చాలు. పొర కంటికి వచ్చింది, అది అతని తప్పు కాదు. డబ్బా తెరవకపోవడం అతని తప్పు. ఆ రెంటినీ కలిపేసుకోవడానికి అతను ప్రయత్నించకపోలేదు, కుదరలేదు.

హనుమంతరాయుడు వచ్చి విషయమంతా విన్నాడు. చెడ్డమనిషి కాదు. పొద్దున్నే గొడవ వద్దనుకునే మనిషి.

"నాకూ తెల్లగానే కనపడ్య," అన్నాడు మెల్లగా.

"మల్ల యాల చెప్పల్య రాయుడన్నా?"

"నువ్వు పోగు కట్టినాక నేనేమని చెప్తా? నీ మాట మీద నేను మాట్లాడితే రేపు నీ మాటకు ఇలువేముంటుంది?" కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడప్పా. అనంతపురం పోయి కన్ను చూపిచ్చుకో. నరసింహప్పకు వచ్చే నెల ఊరికే పిలిచి వార్పు ఇస్తాం, కారణం చెప్పే పనిలేదు. నీ కండ్ల సంగతి మాత్రం బయట పెట్టద్దు. పెడితే ఈ ఏడు నువ్వు కట్టిన ప్రతి పోగుకూ ఒక మనిషి వచ్చి ఈడ కూచుంటాడు. ఇంగ నిన్ను ఆ పరుపు మీద నేనెట్ల కూచోబెట్టేది?"

అది నిజమే. ఆపరేషన్ అయినా, తెల్లచీరను పొగచూరిందన్న మనిషి అని ఒకసారి పేరు పడితే ఆ పరుపు ఇక అతనిది కాదు. గుంతలోకి దిగడానికి మోకాళ్లు లేవు. ఈ పని పోతే అతనికి ఇంకో పని లేదు. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు, నరసింహప్ప మగ్గమూ వచ్చే నెలకు ఆడుతుంది. లెక్కకు అందరికీ మేలే. మార్కండేయ పరుపు వైపు చూశాడు, దుప్పటి వైపు చూశాడు. ఉతికేవాళ్లను ఎన్ని మాటలన్నాడో గుర్తొచ్చింది.

"ప్రతి పోగుకూ రానీ అన్నా," అన్నాడు. "అన్నీ మల్ల చూపించాల్సిందే. వేరేవాళ్ల కండ్లతో."

చీర సంచిలో పెట్టుకుని దిగాడు. రాయుడు వెనక నుంచి ఏదో అన్నాడు గానీ ఆపలేదు.

నరసింహప్ప ఇంటికి నడక అరగంట. ఆ ఎండలో మార్కండేయకు గంట పట్టింది. వీధి చివర తిరగగానే ఓబమ్మ కనపడింది, నరసింహప్ప భార్య. ఇంటి ముందు, వీధిలో, మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. నెత్తి మీద నీడ లేదు. కొంగు ముసుగేసుకుని, పొగకు ఒక కన్ను మూసుకుని, రెండు చేతులతో తెడ్డు తిప్పుతోంది.

"ఏమన్నా, ఇట్లొచ్చినావు?" అని లేవబోయింది.

"నరసింహప్ప యాడమ్మా?"

"బుక్కరాయసముద్రంలో ఇండ్లు కడతాండారంట, సిమెంటు పనికి పోయినాడు. మగ్గం ఊరికే ఉంటే ఏం జేస్తాడు? పొద్దున రైలుకు పోయి మాపటికొస్తాడు."

"నువ్వేందమ్మా, ఈ ఎండలో బయట..."

ఓబమ్మ తెడ్డుతోనే ఇంట్లోకి చూపించింది. మగ్గం పక్క గదిలో పొయ్యి ఉండాల్సిన చోట మట్టిగడ్డల కుప్ప ఉంది. మగ్గానికీ ఆ గదికీ నడుమ గోనెపట్ట తీసేసి కొత్తగా ఇటుకలు పేర్చారు, ఇంకా పూత పూయలేదు.

"ఆయప్పే పగలగొట్టినాడు," అంది. "మా అత్త పెట్టిన పొయ్యి. నలభై ఏండ్లదంట. పొగ చూరుతాదని నువ్వు చెప్పినావు గదన్నా. మల్ల తెల్లచీర ఇస్తే ఎట్ల, అని."

మార్కండేయ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. సంచిలోంచి చీర తీసి, ఒళ్లో పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కంటి పొర సంగతి, కాగితం సంగతి, డబ్బా తెరవని సంగతి. చీరకు పొగ లేదు, ఎప్పుడూ లేదు. పొయ్యి తప్పు కాదు. నరసింహప్ప తప్పు కాదు.

ఓబమ్మ తెడ్డు ఆపేసింది. సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. తర్వాత కుండ దించి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పొయ్యి పగలగొట్టే పొద్దు, ఆయప్ప గడ్డపార ఎత్తి ఒక మాటన్నెడు. 'చీర తెల్లగానే ఉన్నెట్లుండ్య, అన్న కండ్లకేమన్నా అయిందేమో' అన్నెడు. నేనే తిట్టినా. 'ఆ మాట నోట్లోంచి రానీయద్దు, ఆయన చూపుకు తప్పు చెప్తే కండ్లు పోతాయి' అంటి." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. "నువ్వు ఫోన్లో రాసేది మా పక్కింటామె చదివి చెప్తాదన్నా. మొన్న కామాక్షి కట్టిన చీర మాసినాదని రాసినావంట. నేను చూసింటి ఆ పొద్దు. తెల్లగా కనపడ్య. నువ్వు రాసినావంటే నాకే తెల్దేమోలే అనుకుంటి. రెండుసార్లు నా కండ్లు నాకు నిజమే చెప్పినాయి. రెండుసార్లూ నేను నిన్నే నమ్మితి."

మార్కండేయకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. ఆ కళ్ల మీద అతనికి జాలి లేదు. నాలుగు వందల మంది నమ్ముతున్నారని మురిసిపోయాడు. నమ్మినవాళ్లు తమ కళ్లను పక్కన పెట్టి నమ్ముతున్నారని అతనికి ఈ పొద్దు దాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ డబ్బా రోజుకు పదిసార్లు తెరిచేవాడు.

ఓబమ్మ లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్లూ, గ్లాసులో టీ తెచ్చింది. టీ పొద్దుటిది, చల్లారిపోయింది.

"తాగు. ఎండన పడి వచ్చినావు."

పదకొండేళ్ల తర్వాత ఒక నేతగాడి ఇంటి టీ. తాగాడు.

"కత్తెర ఉండాదామ్మా?"

ఆమె మగ్గం దగ్గరి కత్తెర తెచ్చింది. అతను చీర కొంగు మూల వెతికి, పోగు పట్టుకుని కత్తిరించబోయి ఆగి, కత్తెర ఆమె చేతికిచ్చాడు. ఓబమ్మ ముడి కత్తిరించింది. ఎర్రదారం ముక్క అరుగు మీద పడింది.

"ఇది ఊర్లో అందరికీ చెప్పాల. నరసింహప్ప తప్పు నేయలేదని," అన్నాడు.

"నువ్వు ఇంటింటికీ పోయి ఎన్ని ఇండ్లలో చెప్తావు? ఫోన్లో రాయి. ఇప్పుడే రాయి, నేను వింటా."

అతను ఫోన్ తీసి, ఒంటివేలితో మొదలుపెట్టాడు. రాస్తూ పైకి చదివాడు. "నా వల్ల ఒక పొరపాటు జరిగింది..."

"పొరపాటు జరిగింది కాదు," అంది ఓబమ్మ. "నేను తప్పు చెప్పినా అని రాయి. పొయ్యి ఊరికే పడిపోల్య గదా."

చెరిపాడు. 'నేను తప్పు చెప్పాను' అని రాశాడు. చీర వివరం, నేసిన మనిషి పేరు, గిరి పేరు, ఉతికిన చేతుల సంగతి, తెరవని డబ్బా సంగతి. ఈ ఏడాది తన దగ్గర ఎర్రపోగు పడ్డవాళ్లంతా వచ్చి ఆ చీరలు మళ్లీ చూపించుకోవాలని, చూసేది తను కాదని. ఆమె వింటూ, అక్కడక్కడా ఆపుతూ, ఒకచోట 'బాధగా ఉంది' అన్న మాట తీసేయించింది.

"ఉండాదని తెలుస్తానే ఉండాది, రాసే పనిలేదు," అంది.

అంతా అయ్యాక అతను పంపకుండా వేలు ఆపాడు.

"ఇంగేమన్నా?"

"ముందు మంచి రాయాలమ్మా. నాయన పద్ధతి. మొన్న రాయలేదు, అందుకే ఇంత దూరం వచ్చింది. దీంట్లో మంచి ఏముండాదని రాసేది?"

ఓబమ్మ అతని ఒళ్లోంచి చీర తీసుకుని, ఎండ వైపు తిప్పి, అరచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. తన కళ్లతో, తీరిగ్గా, వెనకవైపు ముందు, ముందువైపు తర్వాత.

"తెల్లగా ఉండాదని రాయి," అంది.

మార్కండేయ పైకి జరిపి, మొదటి వరుసగా ఆ మాట చేర్చాడు. 'చీర తెల్లగా ఉంది. రెండు చీరలూ.'